ముసుగు తీసిన పాట

నేను ఒక నల్లటి పెట్టెను. పక్కకు పడుకోబెట్టిన టిఫిను డబ్బా అంత ఉంటాను. ముందు ఒక పచ్చ దీపం, వెనక కొన్ని తీగలు. నన్ను స్ట్రీమర్ అంటారు. ఇంటికి వచ్చినవాళ్లలో సగం మంది నన్ను టీవీ పెట్టె అనుకుని, "మీకు ఏ ఛానళ్లు వస్తాయి?" అని అడుగుతారు. నేనేమీ అనుకోను.

పాట నా దగ్గరికి అంకెలుగా వస్తుంది. నెట్‌లోంచి రావచ్చు, పెన్ డ్రైవ్‌లోంచి రావచ్చు. ఆ అంకెలను మళ్లీ పాటగా మార్చి యాంప్లిఫయర్‌కు అందించడమే నా పని. ఫోను కూడా ఈ పని చేస్తుంది కానీ, దానికి వంద పనులు. తీగ లేకుండా గాలిలో స్పీకరుకు పంపేటప్పుడు పాటను మడతలు పెట్టి కుక్కేస్తుంది. నాకు వేరే పని లేదు కాబట్టి మడత నలగకుండా చూసుకుంటాను. అంతకంటే నాకు గొప్పలేమీ లేవు. బాగాలేని పాటను నేను బాగు చేయలేను. ఏది పోస్తే అదే వడ్డిస్తాను.

నేను పుట్టింది పుణెలో. ఒక అమ్మాయి నా లోపలి ముక్కలన్నీ అతికించి, చివర ఒక పాట పెట్టి విని, తలూపింది. ఆ తలూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

నా మొదటి యజమాని విశాఖపట్నంలో ఒక బ్యాంకు మేనేజరు. ఆయన పాటలు వినేవాడు కాదు, నన్ను వినేవాడు. ఒకే పాటలో మొదటి ముక్క వేసి, ఒక తీగ మార్చి, మళ్లీ అదే ముక్క వేసేవాడు. "తేడా తెలిసిందా?" అని వంటింట్లో ఉన్న భార్యను అడిగేవాడు. ఆవిడ, "తెలిసింది, పప్పు మాడింది" అనేది. నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఒక్క పాట కూడా చివరిదాకా పాడలేదు. చివరికి నాకంటే ఖరీదైన పెట్టె వచ్చింది. నన్ను అమ్మేశారు.

అలా విజయనగరంలో గౌరునాయుడి ఇంటికి చేరాను. ఆయనకు కరెంటు ఆఫీసులో ఉద్యోగం. ముందు గదిలో పాత యాంప్లిఫయరు, నడుమెత్తు స్పీకర్లు రెండు ఉన్నాయి. ఆ ఇంట్లో అన్నిటికీ బట్టలున్నాయి. టీవీకి గౌను, ఫ్రిజ్‌కు టోపీ, రిమోటుకు లాగు. అన్నీ గౌరునాయుడి తల్లి పైడమ్మ కుట్టినవే. స్పీకర్లకైతే లోపల అస్తరు వేసిన ఎర్ర ముఖమల్ తొడుగులు, వాటి మీద పూసల నెమళ్లు. "నా నెమళ్ల మీద సెయ్యేస్తే ఊరుకోను" అని ఆమె ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచింది.

ఆ పైడమ్మకు ఒక తీరని తగాదా ఉంది, తన అక్క అప్పలనరసమ్మతో. చిన్నప్పుడు వాళ్లిద్దరూ జనపనార మిల్లు కార్మికుల లైను ఇళ్లలో ఉండేవారు. అక్కడ ఒక భజనను మిల్లు సూపర్‌వైజరు టేపులో పట్టాడు. పాడింది అక్క. తాళాలు వాయించింది తానేనని పైడమ్మ అంటుంది. కాదంటుంది అక్క. ఆ కుటుంబానికి మిగిలిన పాట అదొక్కటే. అందులో తానున్నట్టు ఎవరూ నమ్మకపోవడం పైడమ్మకు ముల్లులా ఉండేది. ఏ పెళ్లిలో కలిసినా ఇద్దరికీ ఇదే గొడవ.

నేను వచ్చిన కొన్నాళ్లకు అప్పలనరసమ్మ చెల్లెలిని చూడటానికి వచ్చింది. కాఫీ సగంలో ఉండగానే మొదలైంది.

"అప్పా, ఆ తాళాలు నానే కొట్టేను" అంది పైడమ్మ అక్కతో.

"నీకు ఆ రోజు జొరమే. కొట్టింది పక్కింటి రాములమ్మ. నువ్వు మంచం మీద గంజి తాగుతన్నావు."

"గంజి తాగింది మరో రోజు!"

"ఉండండి, ఇప్పుడే తేల్చేద్దాం" అని గౌరునాయుడు ఫోనులో ఉన్న పాటను నాకు పంపాడు. అది చుట్టాలంతా ఒకరి నుంచి ఒకరు పంపుకున్న పాట. పంపిన ప్రతిసారీ కొంచెం నలిగింది. నేను ఉన్నదున్నట్టు వడ్డించాను. తాళాలు ఉండాల్సిన చోట ఎవరో దూరంగా ఊడుస్తున్నట్టు 'స్స్... స్స్' అని వినబడింది.

అప్పలనరసమ్మ పకపకా నవ్వింది. "అదిగోనే రాములమ్మ! వాకిలి తుడుస్తంది."

పైడమ్మ ముఖం చిన్నబోయింది. అది చూసి మనవరాలు హైమ, "నాన్నా, అది నలిగిన పాట. టేపులోంచి స్టూడియోవాళ్లు తీసిచ్చింది పెన్ డ్రైవ్‌లో ఉంది కదా, అది పెట్టు" అంది.

పెట్టారు. నాకు పండగలా అనిపించింది. పాట మొత్తం నా చేతికి వచ్చింది. ఒక్క గింజ కూడా జారనివ్వకుండా అందించాను. గొంతు విచ్చుకుంది. హార్మోనియం ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. తాళాలు మాత్రం మూట కట్టి పెట్టెలో పెట్టినట్టు ఎక్కడో లోపల మోగాయి. ఎందుకో నాకు తెలుసు. సన్నటి శబ్దాలు ముఖమల్‌ను దాటి రాలేవు. అయితే నేను పాటలు పాడగలను గానీ మాటలు చెప్పలేను. గౌరునాయుడికీ తెలుసు. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.

అప్పలనరసమ్మకు ఆ ఇంటి నియమాలతో పని లేదు. "ఏటే పైడీ, ఆ పెట్టెలకి ముసుగులేటి? మూతికి గుడ్డ కట్టి నన్ను పాడమంతే పాడగలనేటే?"

పైడమ్మ తన నెమళ్ల వైపు చూసింది. తర్వాత కొడుకును చూసింది.

"తీస్తే వినబడతాదేట్రా?"

"వినబడతాదమ్మా. ఎప్పుడో సెప్పాలనుకున్నాను. భయమేసింది."

ఆమె లేచింది. రెండు తొడుగులూ తన చేతులతోనే లాగేసింది. అస్తరులోంచి దుమ్ము లేచి హైమ తుమ్మింది. పాట మళ్లీ మొదలైంది.

కిణి... కిణి... అంటూ తాళాలు గది మధ్యకు వచ్చాయి. కంచు మోగడం, ఆ మోత సన్నగా సాగి ఆరిపోవడం, అంతలోనే ఇంకో దెబ్బ. హైమ కళ్లు పెద్దవి చేసి మామ్మను చూసింది.

"తాళాలున్నాయిలే" అంది అప్పలనరసమ్మ, కాస్త మెత్తబడి. "నువ్వేనని రుజువేటి?"

అప్పుడు రెండో చరణం వచ్చింది. తాళాల నడక కొంచెం తొందరపడింది, ఇంకొంచెం తొందరపడింది. ఉన్నట్టుండి ఒక దెబ్బ పడలేదు. ఆ చోట ఖాళీ. తర్వాత బుద్ధిగా, నెమ్మదిగా మళ్లీ కిణి, కిణి.

అప్పలనరసమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "నాయుడూ, అదే ముక్క మళ్లీ ఎయ్యి."

మళ్లీ వేశాడు. మళ్లీ అదే ఖాళీ.

"ఓలమ్మో! జడ..." అందామె. "నువ్వు పరుగెత్తేస్తన్నావని నానే ఎనకనుంచి జడ లాగేను! నువ్వేనే పైడీ. రాములమ్మకి జడెక్కడిదే, తిరపతెళ్లి గుండు సేయించుకుంది కదా!"

"నొప్పెట్టింది కూడాను" అంది పైడమ్మ. ఆ మాట అంటూనే నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అక్క ఆమె తల మీద చెయ్యి వేసి, జడ లాగిన చోటనే మెల్లగా నిమిరింది.

నెమళ్ల తొడుగులు ఇప్పుడు అప్పలనరసమ్మ ఇంట్లో దిండ్లకున్నాయి. వెళ్తూ వెళ్తూ అడిగి మరీ పట్టుకుపోయింది. స్పీకర్లు బోసిగా ఉన్నాయని పైడమ్మ అప్పుడప్పుడు గొణుగుతుంది కానీ కొత్తవి కుట్టలేదు. నాకు మాత్రం ఒక చిన్న టోపీ కుట్టబోతే, వేడెక్కిపోతుందని హైమ ఆపింది. బతికించింది.

ఇప్పుడు నేను పాటలను చివరిదాకా పాడుతున్నాను. ఆ భజన వారానికి ఒకసారైనా వేస్తారు. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి పైడమ్మ, బియ్యం ఏరుతున్నా సరే, ఒక చేత్తో తన తెల్లటి ముడిని గట్టిగా పట్టుకుంటుంది. నేను ఆ ఖాళీని ఖాళీగానే, జాగ్రత్తగా ఆమెకు అందిస్తాను.