వెనక ఎడమ చక్రం

సాలొమోను ఆర్మీ వర్క్‌షాపులో ఇరవై నాలుగేళ్లు బళ్లు బాగుచేసి, తొంభై నాలుగులో హవల్దారుగా రిటైరై మయూర్ విహార్‌లో స్థిరపడ్డాడు. భార్య వసంతకుమారి ఆసుపత్రిలో నర్సు. అప్పుడు కొన్న పాత ఫియెట్‌ మీద పరాయి మెకానిక్కుని చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులే. అన్నీ తనే చూసుకునేవాడు.

ఒక ఏడాది జనవరిలో ఆమెను డ్యూటీకి దింపబోతూ నిజాముద్దీన్ వంతెన దిగుతుంటే బ్రేకు పెడల్ నేలదాకా దిగిపోయింది. రెండుసార్లు కొట్టి తొక్కితే గాని పట్టలేదు. ముందున్న బస్సుకి జానెడు దూరంలో ఆగారు. బ్రేకు నూనెలోకి మళ్లీ గాలి చేరినట్టుందని సాలొమోను గొణిగాడు. నెలలో అది రెండోసారి.

ఆదివారం చర్చి నుంచి రాగానే జాకీ పెట్టాడు. ఒక్కో చక్రాన్నీ లేపి, బ్రేకు అడ్జస్టరు తిప్పి కదలకుండా బిగించి, మళ్లీ స్వేచ్ఛగా తిరిగేంత వదులు చేశాడు. తర్వాత గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి. వసంతకుమారి పెడల్ తొక్కి పట్టుకుంటే, అతను చక్రం వెనక నిపుల్ అనే చిన్న మరను వదులు చేసేవాడు. దానికి తగిలించిన సన్న గొట్టంలోంచి బ్రేకు నూనె బుడగలతో సీసాలోకి దిగేది. నిపుల్ బిగించాక ఆమె కాలు తీసేది.

అంతా అయ్యాక కూడా పెడల్ ఆమె పాదం కింద మెల్లగా కుంగింది. బ్రేకు సిలిండరు పోయినట్టుందన్నాడు సాలొమోను. ఆమె దిగి వెనక ఎడమ చక్రం దగ్గర వంగి చూసింది. నిపుల్ చుట్టూ తడి. స్పానర్ వేసి బిగిస్తే అర చుట్టు తేలిగ్గా తిరిగింది.

"ఇది బిగియలేదండీ."

నేనే బిగించానని అతను స్పానర్ అందుకున్నాడు. ఆమె చక్రాన్ని కాదు, అతని చేతిని చూసింది. వేళ్లు స్పానర్ చుట్టూ మూసుకోలేదు. జారిపోయింది. వెంటనే ఎడమచేతికి మార్చుకున్నాడు.

వార్డులో ఆమె రోజూ రోగుల చేతిలో తన రెండు వేళ్లు పెట్టి గట్టిగా నొక్కమంటుంది. ఇంట్లో ఈ మనిషి టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకోవడం, చొక్కా గుండీలకి తంటాలు పడటం నెలల తరబడి చూసి కూడా చలి అనుకుంది. ఇప్పుడు తన వేళ్లు అతని కుడిచేతిలో పెట్టింది. అతను నొక్కాడు. నొక్కినట్టే లేదు.

"ఎన్నాళ్ల నుంచి?"

"దీపావళి ముందు నుంచి." స్పానర్ కింద పెట్టాడు. "వర్క్‌షాపులో చెయ్యి పడిపోయినవాణ్ణి స్టోర్సులో కూర్చోబెట్టేవాళ్లు వసంతా. ఇంట్లో ఎక్కడ కూర్చోబెడతారు?"

ఆమెకి కోపం వచ్చింది, బస్సు వెనక ఆగిన క్షణం గుర్తొచ్చి. కాని కనిపెట్టాల్సింది తనే కదా అనుకుంది.

"పెడల్ దగ్గర కూర్చోండి. కింద పని నేను చేస్తాను."

అతను కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. ఆమె గోనెసంచి పరుచుకుని చల్లటి సిమెంటు మీద పడుకుంది. గొట్టం కొస సీసాలో నూనెలో మునిగే ఉండాలనీ, నిపుల్ మరీ బిగిస్తే విరుగుతుందనీ పైనుంచి చెబుతూనే ఉన్నాడు. తొక్కమంది, పట్టుకోమంది, వదలమంది. నాలుగోసారికి బుడగలు ఆగాయి. మిగతా మూడు చక్రాలూ ఆమే చూసింది. ఈసారి పెడల్ ఎంత తొక్కినా కుంగలేదు.

మర్నాడు కారు ఇంటి దగ్గరే వదిలి, బస్సులో అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. మెడలో నరం నొక్కుకుపోయిందన్నారు డాక్టర్లు. మార్చిలో ఆపరేషన్ జరిగింది. వానలు పడేనాటికి చేతి పట్టు ముప్పాతిక వంతు వచ్చింది, అంతకుమించి రాలేదు.

ఆగస్టులో పక్క బ్లాకు కేశవరావు తన కారు బ్రేకులు చూడమని వచ్చాడు. సాలొమోను ఒప్పుకున్నాడు గాని ఆదివారం దాకా ఆగమన్నాడు.

"బిగించేది మా ఆవిడ," అన్నాడు. "ఆమెకి ఆ రోజే సెలవు."