నీళ్ళకింది లాంచీ

తెల్లవారగానే కృష్ణానది అడుగున లాంచీ కదిలేది. ఇంజను చప్పుడు నీళ్ళలోంచి సన్నగా వినపడగానే ఒడ్డు మీది ఆడవాళ్ళు పొయ్యిల మీద ఎసరు పెట్టేవాళ్ళు. బుడగల చార చూసి జాలర్లు తమ గుండ్రటి పుట్టి పడవలను పక్కకు జరుపుకునేవాళ్ళు. ఆ లాంచీ మునిగి చాలా ఏళ్ళయింది. మునిగిన మర్నాడు కూడా వేళ తప్పకుండా అవతలి ఒడ్డుకు పోయి, సాయంత్రానికి తిరిగొచ్చింది. అప్పట్నుంచీ అంతే.

ఆ చలికాలం రెండు రోజులు లాంచీ కదల్లేదు. దేవరాజు అలివి వల దానికి చుట్టుకుంది. అలివి వల దోమతెరలాంటిది, వేలెడు చేపపిల్లను కూడా వదలదు. దేవరాజు ఎక్కడినుంచో వచ్చి, మరపడవలతో ఆ వలను ఏరంతా లాగిస్తున్నాడు. వద్దని అడ్డం పోయిన ఊరి జాలరి సాంసన్‌ కుడిచెయ్యి అతని మనుషులు విరగ్గొట్టారు. సాంసన్ ఇంకా వనపర్తి దవాఖానలోనే ఉన్నాడు.

ఇప్పుడు దేవరాజు వచ్చింది సాంసన్ అక్క సరిత దగ్గరికే. సరిత కర్ణాటక సముద్రం ఒడ్డుకు వలస పోయి, టూరిస్టులను నీళ్ళలోకి దించే దుకాణంలో గాలి సిలిండర్లు మోస్తూ మోస్తూ తనే దిగడం నేర్చుకుంది. ఊరికి తిరిగొచ్చాక ఏట్లో పడిపోయిన మోటార్లు తీసి రైతులకిస్తోంది.

"వల చినగకుండ ఇడిపించాలె," అన్నాడు దేవరాజు. "కాదంటే మీ వాడోళ్ళను ఏట్ల కాలు పెట్టనియ్య."

"దిగుత," అంది సరిత.

అతను పోయాక, బియ్యం చెరుగుతున్న తల్లి రూతమ్మ చేట కింద పెట్టింది. "తమ్ముని చెయ్యి ఇరగ్గొట్టినోని వల తీస్తవా?"

"దిగుత అన్ననమ్మా. తీస్త అనలే."

దేవరాజు మనుషులు సరిత నడుముకు తాడు కట్టి మరపడవ మీంచి దించారు. రబ్బరు బట్టలోకి చన్నీళ్ళు మెడ దగ్గర జారి వీపంతా పాకాయి. దవడలు బిగుసుకుపోయాయి. దిగేకొద్దీ పచ్చటి నీళ్ళు చాయ్ రంగుకు తిరిగాయి. అడుగున లాంచీ కనపడింది. రేకు కప్పుకు గుల్లలు పట్టాయి, బల్లలు మాత్రం ఎవరో ఇప్పుడే తుడిచినట్టున్నాయి. వెనక నీళ్ళను తోసే ఫ్యానుకు వల ముడులు ముడులుగా బిగుసుకుంది. వలనిండా బొచ్చె పిల్లలు, జెల్లలు కొట్టుకుంటున్నాయి. సరిత కమ్మీ మీద చెయ్యి వేసింది. పెబ్బేరు సంతలో కాళ్ళు కట్టేసిన ఎద్దులా లాంచీ వణుకుతోంది.

పైనుంచి తాడు గుంజారు, తొందరగా కానిమ్మని. సరిత కత్తి తీసి ముందు ఆ తాడును కోసింది. తర్వాత వలను కోసింది. చేతులు కొంకర్లు పోతున్నా ఆపలేదు. చేపపిల్లలు ఆమె అద్దం మీదుగా గుంపుగా పోయాయి.

ఫ్యాను ఒక చుట్టు తిరిగింది. సరిత కమ్మీ పట్టుకుంది. లాంచీ కదిలింది. చిరిగిన వల దాని లంగరుకు తగులుకుని వెనకే వచ్చింది. పైన ఆ వల కట్టిన దేవరాజు మరపడవను కూడా అది వెనక్కి ఈడ్చుకుపోతుంటే, భయపడ్డ అతని మనుషులు వలతాడు నరికేశారు. సిలిండర్‌లో గాలి అడుగంటే వేళకు లాంచీ నీళ్ళలోనే అవతలి ఒడ్డు వాలు ఎక్కుతోంది. సరిత లేచి నిలబడితే తల నీళ్ళమీదికి తేలింది. ఆమె దిగేదాకా లాంచీ ఆగింది.

మరపడవ వచ్చేసరికి ఆమె రాయి మీద కూర్చుని వణుకుతోంది.

"వలేది?" అన్నాడు దేవరాజు.

"లాంచీ గుంజుకపోయింది."

"మళ్ళ దిగు. తీస్కరా."

"దానికోసం దిగ. ఇంకోటి ఏస్తె మటుకు దిగుత, కత్తితోని."

దేవరాజు ఏదో అనబోయాడు. అంతలో వాళ్ళ పడవ కింద ఇంజను మోగింది. ఆ వేళప్పుడు లాంచీ ఎన్నడూ తిరగలేదు. పడవను తాకకుండా, దాని చుట్టూ మెల్లగా బుడగలు లేచాయి. ఒక చుట్టు, ఇంకో చుట్టు. పడవ నడిపేవాడు ఎవరూ చెప్పకుండానే ఇంజను ఆపేసి తెడ్డు అందుకున్నాడు.

ఆ వారంలోనే దేవరాజు పడవలు లారీ ఎక్కి పోయాయి. చెయ్యి పూర్తిగా అతకకముందే సాంసన్ అక్కతో పుట్టిలో ఏట్లోకి పోయి, ఎడమ చేత్తోనే వల విసిరాడు. పడ్డవాటిలో చిన్నవాటిని సరిత ఒక్కొక్కటే తిరిగి నీళ్ళలోకి వదిలింది.