గట్టు కావాలి

భానోజీ పోయినప్పటి నుంచి ఇంట్లో నీళ్లు ఊరుతున్నాయి. మోకాళ్ల దాకా వచ్చి ఆగుతాయి. వీధి తలుపు తెరిచినా మెట్ల మీదికి ఒక్క చుక్క జారదు. అతని భార్య దమయంతి కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆ నీళ్లలోనే వంట చేస్తుంది, ఆఫీసుకి వెళ్తుంది.

బీరువా అడుగు అరలో అతని చొక్కాలు తడుస్తాయి. ఒక్కో మడతలో ఒక్కో గుడ్డు. కొన్నాళ్లకి అవి చిట్లి నీటిబల్లి పిల్లలు బయటికొస్తాయి. వేలి గోరంత ఒళ్లు, మెడకి రెండు పక్కలా ఎర్రటి ఈకల్లాంటి మొప్పలు. అప్పుడప్పుడూ ఒక్కోటీ బుడగ వదులుతుంది. బుడగ పగిలితే భానోజీ గొంతు.

"చారులో ఉప్పు తక్కువైంది."

"గొడుగు పట్టుకెళ్లు."

"ఏంటలా చూస్తున్నావ్?"

దమయంతి ఆఫీసు మానేస్తుంది. వీధి తొట్టెల్లోంచి దోమపురుగులు వడగట్టి తెచ్చి మేపుతుంది. ఒకదాని కాళ్లు ఇంకొకటి కొరక్కుండా గిన్నెల్లో విడివిడిగా పెడుతుంది. ఎండ ముదిరితే నీళ్లలో మంచుగడ్డలు వేస్తుంది. అయినా పొద్దున్న లేచేసరికి ఏదో ఒకటి తెల్లగా తేలి ఉంటుంది. గొడుగు మాట ఇక వినిపించదు. ఆ తర్వాత ఉప్పు మాట పోతుంది.

"నీళ్లు బానే ఉన్నాయే అమ్మాయ్," అంటుంది అత్తగారు వరహాలమ్మ, వేలు ముంచి చూసి. "మొప్పలు రాలిపోతన్నాయి, చూడు. గాలి పీల్చే ఈడొచ్చింది వీటికి. గట్టెక్కకపోతే పుట్టిన నీళ్లలోనే మునిగి చస్తాయి."

"గట్టెక్కితే బుడగలుండవు కదా అత్తయ్యా."

"ఉండవు."

"మీకు వినాలని లేదా?"

వరహాలమ్మ ఎడమ గుప్పిట ఒళ్లోకి లాక్కుంటుంది. "అమ్మా" అని పిలిచే పిల్ల ఏదో ఆవిడకి తెలుసు. పొద్దుటి నుంచీ దాన్ని ఆ గుప్పిట్లోనే పెట్టుకుని కూర్చుంది.

గట్టు కోసం ఇటుక వేస్తే బెల్లంలా కరిగిపోతుంది. పీట వేస్తే మునుగుతుంది. ఆ ఇంట్లో తడవనిది ఒక్కటే, మంచంలో భానోజీ పడుకునే వైపు. దుప్పటి మీద అతని ఒంటి గుంట ఇంకా అలాగే ఉంది. ఇన్నాళ్లూ ఇద్దరిలో ఒక్కరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

ముందు వరహాలమ్మే లేస్తుంది. ఇద్దరూ మంచాన్ని హాల్లోకి ఈడ్చి, ఒక అంచు నీళ్లలోకి వాలుగా దించుతారు. ఆవిడ గుప్పిట విప్పుతుంది, దమయంతి గిన్నెలు వంచుతుంది. పిల్లలన్నీ పాక్కుంటూ ఎక్కుతాయి. వాటి అడుగుల కింద గుంట మెల్లగా చదునవుతుంది.

చివరి పిల్ల అంచు దగ్గర ఆగుతుంది. దాని మెడకి ఒక్క ఎర్రపోగే మిగిలి ఉంది.

"దమ్మూ," అంటుంది భానోజీ గొంతు.

ఆ పేరుతో దమయంతిని పిలిచింది అతనొక్కడే. ఇంకొక్కసారి అనమని అడగాలనుంటుంది. అడగదు. అరచెయ్యి కిందికి పోనిచ్చి దాన్ని దుప్పటి మీదికి చేరుస్తుంది.

"వెళ్లు," అంటుంది.

పోగు రాలుతుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది. నీటిబల్లులు గోడ ఎక్కి కప్పంతా పరుచుకుంటాయి. అవి అడుగు పెట్టిన చోటల్లా తలకిందులుగా వరి మొలుస్తుంది, చూస్తుండగానే పొట్టకొచ్చి ఈనుతుంది. పండిన వెన్నులు కిందికి వంగి వెచ్చగా ఊపిరి వదులుతాయి. వరహాలమ్మ గింజల కోసం కొంగు పట్టి నిలబడుతుంది. దమయంతి కళ్లు మూసుకుని, మునివేళ్ల మీద లేచి, నుదురు పైకెత్తుతుంది. వెన్ను తగలడానికి ఇంకో బెత్తెడు చాలు.