ఆగిపోయిన ట్యాబ్

పొద్దున్నే పైడమ్మ చేసే మొదటి పని ట్యాబ్ తుడవటం. చీర కొంగుతో అద్దం మీది చెమ్మ తుడిచి, దాన్ని బియ్యం డబ్బాకి ఆనించి నిలబెట్టి, ఆ తర్వాతే మనవరాలు బిందుకి జడ వేసేది. బిందుని బడికి పంపి, తను రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది.

ట్యాబ్‌లో పైడమ్మ పెద్ద కూతురు, బిందు వాళ్లమ్మ సత్యశ్రీ ఉండేది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన సత్యశ్రీ ఓ సాయంత్రం వీడియోలో బిందుతో మాట్లాడుతూ, నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంటూ "తిన్…" అనేసరికి బొమ్మ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే అక్కడ వంటింట్లో గ్యాస్ పేలింది. కొన్నాళ్లకి శవంతో పెట్టె సొంతూరు సఖినేటిపల్లి వచ్చింది. తెరవొద్దన్నారు. తెరవకుండానే దహనం చేశారు.

ట్యాబ్ మాత్రం ఆరిపోలేదు. చార్జింగ్ పెట్టకపోయినా వెలుగుతూనే ఉంది. ఏ బటన్ నొక్కినా, తెర మీద ఎక్కడ ముట్టుకున్నా ఉలకలేదు, పలకలేదు. దానితోపాటు బిందూ ఆగిపోయింది. నాలుగో తరగతిలో కుట్టించిన గౌను మూడేళ్లు గడిచినా సరిపోయేది. గోళ్లు పెరిగేవి కావు. ఒంటికి ఎదుగుదల లేదు గనక మాస్టారు ఆ పిల్లని అదే తరగతిలో ఉంచారు. వాళ్లమ్మ ఆగిపోయింది కదా అనుకున్నారు వీధిలోవాళ్లు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

పైడమ్మ గొంతులో గడ్డ కూడా ఆగింది. సత్యశ్రీ పోవటానికి కాస్త ముందు అమలాపురంలో డాక్టరు చూసి, ముదిరిపోయింది, ఏడాది తిరగటం కష్టమన్నాడు. ఉసిరికాయంత గడ్డ ఉసిరికాయంతే ఉండిపోయింది. ఆవిడ తింటోంది, మాట్లాడుతోంది, పనికి పోతోంది.

ఆ ఏడు బడి తెరిచిన రోజున బిందు ఇంటికొచ్చి కంచం ముట్టలేదు. తనతో తొక్కుడుబిళ్ల ఆడినవాళ్లంతా సైకిళ్ల మీద హైస్కూలుకి పోతున్నారని చెప్పింది.

"నేనెప్పటికీ ఇంతేనా అమ్మమ్మా?"

పైడమ్మ కంచం మీద మూత పెట్టింది. మర్నాడు ముమ్మిడివరంలో ఉండే చిన్న కూతురు దుర్గాభవానికి ఫోన్ చేసి, బిందుని నీ దగ్గర పెట్టుకుని హైస్కూల్లో చేర్పించాలి అంది. ఎప్పటినుంచని దుర్గాభవాని అడిగితే, నీకే తెలుస్తుందిలే అంది. ఆదివారం ట్యాబ్‌ని తువ్వాలులో చుట్టి, పిల్లని వెంటబెట్టుకుని రాజోలు వెళ్లింది.

రాజోలులో ఫోన్లు బాగుచేసే ఇందిర దాన్ని తిప్పి చూసింది. పవర్ బటనూ, సౌండు తగ్గించే బటనూ కలిపి నొక్కి పట్టుకుంటే ఆగి మళ్లీ మొదలవుతుందనీ, అప్పటికీ లేవకపోతే మొత్తం తుడిచెయ్యాలనీ, ఇక అందులో ఏదీ మిగలదనీ చెప్పింది. పైడమ్మ ఇంటి సంగతి ఆవిడకీ తెలుసు. బిందుని బల్ల దగ్గర కూర్చోబెట్టి, పైడమ్మని పక్కకి పిలిచింది.

"ఇది కదిలితే మీ గొంతులోదీ కదులుద్దండి."

"ఆయ్. తెలుసమ్మా."

"పాపకి తెలుసాండీ?"

"తెలిస్తే నొక్కనివ్వదు. నువ్వు కానియ్యమ్మా."

ఇందిర రెండు బటన్లూ నొక్కి పట్టుకుంది. తెర నల్లబడే ముందు సత్యశ్రీ చెయ్యి జుట్టు మీంచి కిందికి దిగింది. "…నావా?" అంది.

"తిన్నానమ్మా," అంది బిందు. ఆ పూట ఇంకా ఏమీ తినలేదు.

తెర ఆరిపోయింది. కాసేపటికి కంపెనీ గుర్తు వచ్చి అక్కడే నిలిచిపోయింది. మళ్లీ ప్రయత్నించినా అంతే. ఇక తుడిచెయ్యటమేనని ఇందిర అనగానే బిందు ట్యాబ్ లాక్కుని గుండెలకి హత్తుకుంది. అమ్మ ఇందులోనే ఎక్కడో ఉందేమో అంది. పైడమ్మ బలవంతపెట్టలేదు, పక్కనే నేల మీద కూర్చుంది. కొట్టు కట్టేసే వేళకి బిందు తనంతట తనే ట్యాబ్‌ని బల్ల మీద పెట్టి, మొహం గోడవైపు తిప్పుకుంది.

అంతా తుడిచాక తెర తెల్లగా వెలిగి, ఏ భాష కావాలో చెప్పమంది. పైడమ్మకి దగ్గొచ్చింది. ఇందిర ఇచ్చిన నీళ్లు గుక్క దిగలేదు.

ఆ వానాకాలమంతా బిందు ఆకలి ఆకలి అంటూనే ఉంది. మూడేళ్ల ఎదుగుదల ఒక్కసారిగా ముంచుకొచ్చి ఎముకలు సలిపేవి. పైడమ్మ కొబ్బరినూనె రాసి కాళ్లు పట్టేది. గౌన్ల కుట్లు విడిపోయాయి. పైడమ్మ మాత్రం అన్నం నుంచి గంజికి దిగింది, తర్వాత గంజీ దిగలేదు. నీకేమైందని మనవరాలు అడిగితే, వయసైపోయిందే అని నవ్వింది. శ్రావణం వెళ్లేసరికి బిందు అమ్మమ్మ భుజం దాటింది.

నరసాపురం ఆస్పత్రిలో చూపిద్దామని దుర్గాభవాని వచ్చింది. ముగ్గురూ గోదావరి దాటించే పంటు ఎక్కారు. టిక్కెట్లు చింపే బాబ్జీ బిందుని ఎగాదిగా చూసి, ఈ అమ్మాయికి ఇక సగం టిక్కెట్టు కుదరదు, పెద్దదే తీసుకోవాలన్నాడు. ఇంకా చిన్నపిల్లేనని దుర్గాభవాని వాదించబోయింది. పైడమ్మకి అప్పటికే మాట పడిపోయింది. కూతురి చెయ్యి పట్టి ఆపి, తన బొడ్లోంచి డబ్బులు తనే తీసి ఇచ్చింది. ఆ టిక్కెట్టు అవతలి రేవు వచ్చేదాకా చూసుకుంటూ కూర్చుంది.

వారం తిరక్కుండానే అక్కడే వసిష్ఠ గోదావరి ఒడ్డున పైడమ్మ దహనం కానిచ్చి, దుర్గాభవానీ బిందూ తిరుగు పంటు ఎక్కారు. బాబ్జీ ఏమీ అడక్కుండా రెండు పెద్ద టిక్కెట్లు చింపాడు.