కుడితి పెట్టె

ఎండ నడినెత్తిన ఉంది. గోవిందమ్మ కొట్టంలో బర్రె మెడ నిమురుతూ కూర్చుంది. నిన్నటి నుంచి అది నెమరు వేయడం లేదు. పొట్ట డోలులా ఉబ్బింది. వాము నూరి నూనెలో కలిపి గొట్టంతో పోసినా గుణం లేదు.

“ఎల్లమ్మ తల్లీ, దీన్ని లేపు. నీకు బోనమెత్తుత.”

బర్రె పోతే ఇల్లు మునిగినట్టే. మొగుడు భీమయ్య సాగర్ కట్ట మీద రాళ్లు మోసి తెచ్చే కూలి జొన్నలకే సరి. హాలియా హోటలుకు పోసే పాలతోనే తక్కిన సంసారమంతా నడుస్తోంది.

పక్కనే తెల్లటి కుడితి పెట్టె పడి ఉంది. అంచులన్నీ కొరికి ఉన్నాయి. కాలువ తవ్వే మిషన్లకు దెబ్బ తగలకుండా చుట్టూ కుక్కి పంపే బెండు అది. కాంట్రాక్టరు మున్షీ అమరేందర్ లారీతో తెచ్చి వాగులో పోయిస్తాడు. ఊరికే వస్తే నాకొకటి, మా తమ్ముడికొకటి అన్నట్టు పోయినేడు ఊరంతా ఎగబడింది. కుడితి తొట్టి పగిలిన గోవిందమ్మకు ఆ పెట్టె వరంలా దొరికింది. పెళ్లి బాసింగాలు చేసే జీలుగు బెండులాంటిదే అనుకుంది. పగిలిన ముక్కలు పెంటకుప్పలో వేసింది. పెంటలో పడ్డది మన్ను కాకుండా పోతుందా? గంజి, ఉప్పు పట్టిన అంచుల్ని బర్రె కొరుకుతుంటే, తింటే తిననీలే అనుకుంది పిచ్చిది!

పొద్దు వాలకముందే బర్రె కాళ్లు చాచింది.

తోలు తీయడానికి వచ్చిన లచ్చయ్య పొట్ట కోసి, కత్తి పక్కన పెట్టి లోపల చెయ్యి పెట్టాడు.

“ఓ గోవిందక్కా, జర గిటు సూడు.”

గంపెడు తెల్లటి ముద్దలు. నీళ్లు పోస్తే కొత్తవాటిలా తేలాయి.

“నా చేత్తోటి నేనే సంపుకున్న లచ్చయ్యా!” గోవిందమ్మ నెత్తి బాదుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి లేచి, పార తీసుకుని పెంటకుప్ప తవ్వింది. పేడ మాగి నల్లమన్నయింది. బెండు మాత్రం వేసింది వేసినట్టే ఉంది. వాగులో ఊరు నీళ్లు ముంచుకునే చెలిమెల మీద కూడా ఆ తెల్ల పలుకులే తేలుతున్నాయి.

తెల్లారి లారీ వచ్చింది.

“ఏమ్మా, పెట్టెలు తెచ్చిన. ఇంకోటి తీస్కో, ఊకెనే!” అన్నాడు మున్షీ.

గోవిందమ్మ గంప తెచ్చి లారీ ముందర పెట్టింది.

“మాకొద్దు సారూ. నా బర్రె కడుపుల ఎల్లినయి. ఇవి గూడ మీయే, తీస్కపో. వాగుల పొయ్యకు.”

“వాగుల పోస్తే నీకేం నష్టం? వానకు కొట్కపోతయి.”

“ఏడికి కొట్కపోతయి? కింది ఊరోళ్లకు బర్రెలు లేవా?”

మున్షీ సైగ చేశాడు. డ్రైవరు గట్టిగా హారన్ కొట్టాడు. గోవిందమ్మ చక్రానికి అడ్డంగా, గంప పక్కనే బాసింపట్టు వేసుకుని కూర్చుంది.