గట్టు కింద ఇల్లు

పడవ షికార్ల కోసం అన్నయ్య మట్టిగట్టు వేయించి చెరువు కట్టుకున్నాడు. గట్టు దిగువనే చెల్లెలి ఇల్లు. వానలు పట్టినప్పటి నుంచి గట్టు అడుగున ఊట కనబడుతోంది. మొన్నటిదాకా తేటగా వచ్చిన ఆ నీళ్లు పొద్దున బురదగా మారాయి. చెల్లెలు భర్తను వెంటబెట్టుకుని అన్న దగ్గరికి పరుగెత్తింది.

"అన్నయ్యా, గట్టు లోపలి మట్టి కొట్టుకొస్తోంది. తూము ఎత్తి కాస్త నీళ్లు వదిలెయ్."

"రేపు అతిథులొస్తుంటే బురదలో పడవలు తిప్పమంటావా? నా చెరువు చూసి మా బావకి కళ్లు కుడుతున్నాయి, అంతే."

భర్త తిన్నగా వెళ్లి గట్టెక్కి తూము చక్రం పట్టుకున్నాడు. ఏళ్లుగా గ్రీజు ఎరగని చక్రం ఎంతకీ తిరగలేదు. దానితో కుస్తీ పడుతుండగానే అతని కాళ్ల కింద గట్టు కుంగింది. అతన్నీ, ఇంటినీ నీళ్లు ఊడ్చుకుపోయాయి. బడిలో ఉండబట్టి కూతురు బతికింది.

తల్లీకూతుళ్లు అన్న పంచన చేరారు. విచారణకు అధికారి వచ్చిన రోజు అన్న ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ ఆయన తూము విరగ్గొట్టబట్టే గట్టు తెగిందని చెప్పు. పోయినవాడికి పోయేదేముంది? నువ్వూ, నీ పిల్లా ఉండాల్సింది ఇక్కడేగా."

వంటింట్లో కూతురు మేనమామ భార్య వడ్డించిన అన్నం తల దించుకుని తింటోంది.

"ఆయనే విరగ్గొట్టాడండీ," అంది ఆమె అధికారితో. ఎవరూ అడక్కుండానే, "వద్దని మా అన్నయ్య బతిమాలాడు కూడా," అని చేర్చింది.