నూటపన్నెండో పేజీలో డైనా

నేను ఒక జనాభా లెక్కల పుస్తకాన్ని. తోలు అట్ట, పేలికలతో చేసిన కాగితం, వాటికి మించిన భయం, ఇదీ నా ఒళ్లు. ఇప్పటికీ ఎవరైనా అట్ట మీద చెయ్యి వేస్తే గుండె గుభేలుమంటుంది.

ఎందుకంటారా? అమెరికాలో ఒహాయో నదికి ఉత్తరాన ఉన్న మా ప్రాంతం అప్పటికింకా రాష్ట్రం కాదు, కేంద్రం ఏలుబడిలోని టెరిటరీ. స్వతంత్రులైన జనం అరవై వేలమంది ఉన్నారని చూపిస్తేనే రాష్ట్రంగా ఒప్పుకుంటారట. ఆ లెక్క రాయమని నన్ను గుమాస్తా ఎలైషా ప్రాట్ చేతికిచ్చారు. అంతమంది మాకెక్కడున్నారు? ఆ మహానుభావుడు పడవల రేవులో కుర్చీ వేసుకుని, పడమటికి పోయే బండ్లను ఆపి, అందులోవాళ్లందరినీ మా జనంగా రాసేశాడు. మర్నాడు పై ఊళ్లో అవే బండ్లు ఎదురైతే కొత్త పేర్లు పెట్టి మళ్లీ రాశాడు. నా కడుపునిండా అబద్ధాలే. బయటపడితే నన్ను పొయ్యిలో పెట్టరూ?

ఆ రేవులోనే బట్టలుతికే డైనా మా దగ్గరికొచ్చింది. బానిసత్వం చెల్లే నది అవతలి గడ్డ మీద బానిసగా పుట్టి, యజమాని విడుదల చేస్తే ఇవతల స్థిరపడ్డ మనిషి. ఆ విడుదల కాగితం వరదలో పోయింది.

"నా పేరూ రాయండి దొరా. స్వతంత్రురాలినని రాయండి."

ప్రాట్ రాశాడు. నూటపన్నెండో పేజీ, నాలుగో వరుస. నాలో ఉన్న కొద్దిపాటి నిజాల్లో అదొకటి.

చలికాలంలో, అప్పటికే చచ్చిపోయిన ఆ యజమాని తాలూకు మేనల్లుడు నది దాటి వచ్చి, డైనా తన బానిసే అన్నాడు. మధ్యాహ్నంలోగా రుజువు తెమ్మన్నాడు న్యాయాధికారి. డైనా పరుగున వచ్చి ప్రాట్ గుమ్మంలో నిలబడింది.

"ఆ పుస్తకం ఒక్కసారి తీసుకురండి దొరా. నా పేరు చూపిస్తే నన్ను వదిలేస్తారు."

నన్ను తెరిస్తే ఆమె పేరుకి పైనా కిందా ఉన్న దొంగ పేర్లన్నీ న్యాయాధికారి కంట పడతాయి. ప్రాట్ గుమ్మానికి అడ్డంగా జరిగాడు.

"పుస్తకం రాజధానికి పంపేశానమ్మా" అన్నాడు.

నేను ఆయన వెనకే, బల్ల సొరుగులో ఉన్నాను. తెరవకపోతే బాగుండునని నేనూ కోరుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

"పోనీ మీరొచ్చి చెప్పండి. మీ చేత్తోనే రాశారు కదా" అంది డైనా.

ప్రాట్ తలుపు వేసేశాడు. పొద్దు వాలేలోగా ఆమెను పడవెక్కించి అవతలికి తీసుకుపోయారు.

మరుసటి ఏడు మేం రాష్ట్రమయ్యాం. ఫిరంగులు కూడా పేల్చారు. ఇప్పుడు నన్ను మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంచి, జనాభా మొత్తం కూడి వేసిన చివరి పేజీ తెరిచిపెట్టారు. ఈ పుస్తకంలోని పేర్లవాళ్లే మన రాష్ట్రాన్ని నిలబెట్టారని టీచరమ్మ పిల్లలకు చెబుతూ ఉంటుంది. నూటపన్నెండో పేజీ తిప్పి చూడండని అరవాలనిపిస్తుంది. తీరా అద్దం మీద ఎవరిదో చెయ్యి పడేసరికి, తిప్పుతారేమోనని వణికిపోతాను.